వెంకటగిరి చీరల క్విల్ట్, మూడు పాత కుట్టుమిషన్లు

పదకొండేళ్ళ కిందట తెనాలి నుంచి అమెరికాలోని ఎడిసన్‌కు తిరిగి వస్తూ, అమ్మ కట్టి కట్టి మెత్తబడిన తొమ్మిది వెంకటగిరి చీరలు సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. ముక్కలు చేసి, వాటిని అతికి బొంతలాంటి క్విల్ట్ కుట్టాలని ఆశ. అప్పుడు నా దగ్గరున్నది అరవై రకాల కుట్లు వేసే కంప్యూటర్ మిషను. మొదటి రెండు ముక్కలు పెట్టి పెడల్ నొక్కానో లేదో, చీర మూల సూదితో పాటు కిందికి దిగిపోయి దారాల ముద్దలో ఇరుక్కుంది. కత్తెరతో కోసి తీస్తే బొటనవేలంత చిరుగు. అమ్మ చీర. ఆ పూట ఇక మిషను ముట్టుకోలేదు.

అలా ఎందుకైందో తర్వాత తెలిసింది. జిగ్‌జాగ్ వేయాలంటే సూది కుడికీ ఎడమకీ ఊగాలి, అందుకని కింది ప్లేటులో రంధ్రం అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. వంద కౌంటు నూలుతో, అంటే చాలా సన్నటి దారంతో నేసిన వెంకటగిరి లాంటి పల్చటి బట్టకు ఆ ఖాళీ మీద ఆసరా ఉండదు, సూది దాన్ని లోపలికి తోసేస్తుంది. సాదా కుట్టు తప్ప ఇంకోటి రాని పాత మిషన్లలో సూది పట్టేంత గుండ్రటి రంధ్రమే ఉంటుంది. కొత్త మిషన్లకు కూడా అలాంటి ప్లేటు విడిగా అమ్ముతారు కానీ నా మోడల్‌కు దొరకలేదు. పాత మిషన్ల వైపు నేను వచ్చింది ఆ చిన్న రంధ్రం కోసమే.

మొదట కొన్నది సింగర్ 221. ఇక్కడ అందరూ ఫెదర్‌వెయిట్ అనే అంటారు. 1933లో వచ్చిన మోడల్. ఒళ్ళు అల్యూమినియం, బరువు ఐదు కిలోలు. చిన్న పెట్టెలో పెట్టుకుని క్లాసుకు ఒక చేత్తో తీసుకెళ్ళొచ్చు. నాదానికి ముందున్న బిళ్ళ చుట్టూ నీలం అంచు ఉంది, కంపెనీకి నూరేళ్ళు నిండిన గుర్తుగా 1851, 1951 అని రెండు సంవత్సరాలూ వేశారు. తయారైంది ఇక్కడికి అరగంట దూరంలో, ఎలిజబెత్ ఊళ్ళో. 1873లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. ఈ మిషను మాత్రం ఆ చుట్టుపక్కలే ఏదో ఒక ఇంట్లో కుడుతూనే ఉండి ఉంటుంది.

ముక్కలు అతకడానికి దీన్ని మించింది నేను చూడలేదు. క్విల్ట్‌లో లెక్కంతా పావు అంగుళం కుట్టు మీదే, అంటే బట్ట అంచు నుంచి పావు అంగుళం లోపల వేసే కుట్టు మీదే నడుస్తుంది. వరసకు తొమ్మిది ముక్కలు, అంటే ఎనిమిది అతుకులు. ఒక్కో అతుకులో కుట్టు అంగుళంలో పదహారో వంతు లోపలికి పోయిందనుకోండి, రెండు ముక్కలూ అంతంత తగ్గుతాయి కనక వరస మొత్తం ఒక అంగుళం కురచైపోతుంది. పక్క వరస సరిగ్గా ఉంటే రెండూ కలవవు, ఎంత లాగినా కలవవు. ఫెదర్‌వెయిట్‌లో బట్టను లాగే పళ్ళు ఇరుకుగా, సూదికి దగ్గరగా ఉంటాయి. సూది పక్కకు కదలదు. సూది నుంచి పావు అంగుళం కొలిచి ప్లేటు మీద టేపు ముక్క అంటించాను. దాని వెంట బట్ట పోనిస్తే చాలు. పదేళ్ళుగా అదే పద్ధతి, టేపు మాత్రం మారుస్తుంటాను.

కొత్తగా కొన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సూది చదును వైపు ఎడమకు రావాలి, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కించాలి. అలవాటు కొద్దీ తిరగేసి పెడితే ఒక్క కుట్టు కూడా పడదు, మిషను పాడైందని కంగారు పడతాం. కుట్ల నంబర్లు అంగుళానికి ఎన్ని కుట్లో చెబుతాయి, కాబట్టి నంబరు పెరిగితే కుట్టు చిన్నదవుతుంది, ఇప్పటి మిషన్లకు సరిగ్గా ఉల్టా. నేను 12 మీద పెడతాను. మొదలుపెట్టేటప్పుడు పై దారం, కింది దారం రెండు కొసలూ వేలితో పట్టుకోకపోతే దారం కింద ఉండే హుక్కులోకి, అంటే పై దారాన్ని పట్టి తిప్పే భాగంలోకి పోయి బిగుసుకుంటుంది. దాన్ని తీయడం గంట పని. కింది దారం చుట్టే బాబిన్ చాలా చిన్నది, పెద్ద పని మధ్యలో అయిపోతూనే ఉంటుంది. పెట్టెకు ముక్కిపోయిన వాసన. ఎండలో పెట్టాను, వంటసోడా చల్లాను, పోలేదు. చివరికి మిషనును గుడ్డ సంచిలో ఉంచుతున్నాను.

ఒక్క పొరపాటుకు ఇప్పటికీ బాధపడతాను. మురికి పోతుందని స్పిరిట్‌తో తుడిచాను. నల్ల రంగు మీద ఉండే పూత లక్క నుంచి చేసింది, స్పిరిట్‌కు కరిగిపోతుంది. బంగారు రంగు పూల గీతలో రెండంగుళాల మేర గుడ్డకు అంటుకుని వచ్చేసింది. మిషను నూనెలో ముంచిన మెత్తటి బట్టతో తప్ప దేంతోనూ తుడవకండి.

అయితే క్విల్ట్ అంటే ముక్కలు అతకడం ఒక్కటే కాదు. పై పొర, మధ్యలో దూది పరుపు, అడుగు పొర, మూడూ కలిపి కుట్టాలి. అక్కడ ఫెదర్‌వెయిట్ చేతులెత్తేస్తుంది. సూదికీ వెనక స్తంభానికీ మధ్య చోటు తక్కువ, చుట్టిన క్విల్ట్ అందులో పట్టదు. మిషను తేలిక కాబట్టి బరువుకు అదే జరిగిపోతుంది. పళ్ళు కిందికి దించే వీలు లేదు, పైన ఒక మూత ప్లేటు బిగించాలి. ఒక ఉయ్యాల క్విల్ట్ దీని మీదే పూర్తి చేశాను, భుజాలు వారం రోజులు నొప్పెట్టాయి.

అందుకని సింగర్ 201 కొన్నాను. ఒక ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టిన అమ్మకంలో, బల్లతో సహా అరవై డాలర్లకు. ఫెదర్‌వెయిట్‌కు నేనిచ్చింది మూడు వందల యాభై. ఆ పేరుకు ఉన్న గిరాకీ తప్ప ఆ తేడాకు నాకు ఇంకో కారణం కనిపించదు. 201 పోత ఇనుము, బల్లతో సహా ఎత్తాలంటే ఇద్దరు కావాలి. నా దగ్గరున్న రకంలో మోటారు వెనకాలే బిగించి ఉంటుంది, బెల్టు లేదు, గేర్లతోనే నడుస్తుంది. కింద హుక్కు ముందుకూ వెనక్కూ ఊగకుండా గుండ్రంగా తిరుగుతుంది. రాత్రి పదింటికి పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటే కుడతాను, ఎవరూ లేవరు. సన్నటి వాన చినుకులంత చప్పుడు, అంతే.

సూదికీ వెనక స్తంభానికీ మధ్య చోటు దీంట్లో బాగా ఎక్కువ. అడుగున ఒక మర తిప్పితే పళ్ళు దిగిపోతాయి, అప్పుడు బట్టను మన ఇష్టమొచ్చినట్టు తిప్పుతూ మామిడిపిందెలూ తీగలూ కుట్టుకోవచ్చు. అమ్మ చీరల క్విల్ట్ మీద అంచుల్లో ఉన్న నేత హంసల వెంట అలాగే కుట్టాను. జరీ ఉన్న చోట సూది నెమ్మదించకుండా దిగింది. బాబిన్ పై నుంచి వేసేది, మూత జరిపితే ఎంత దారం మిగిలిందో కనిపిస్తుంది. కొనేటప్పుడు 66 రకం బాబిన్ అడగండి, దాదాపు అదే సైజులో ఉండే 15 రకం పెడితే కుట్టు చెడుతుంది.

201తో నాకు ఎదురైన పెద్ద చిక్కు వైర్లు. ఇంటికి తెచ్చాక ఒక రిపేరు షాపులో ఇచ్చాను. పూర్తిగా సర్వీసు చేశామని డబ్బు తీసుకున్నారు. ఆరు నెలలకు కాలిన వాసన వస్తే విప్పి చూశాను. మోటారు దగ్గర వైరు మీది రబ్బరు పెంకుల్లా రాలిపోతోంది, లోపలి రాగి బయటపడి ఉంది. వాళ్ళు అసలు ఆ మూత తీసినట్టే లేదు. ఇంకొకరి దగ్గర కొత్త వైరు వేయించాను, మిషను ధరకు రెండింతలైంది. నూనె వేయాల్సిన చోట నూనె, గేర్లకు గ్రీజు. ఈ రెండూ కలిపేయకూడదు.

మూడోది నాది కాదు, అమ్మది. తెనాలి ఇంట్లో కిటికీ పక్కనుండే ఉషా తొక్కుడు మిషను. కలకత్తా జే ఇంజనీరింగ్ వర్క్స్‌ది. నేను కుట్టు నేర్చుకున్నది దాని మీదే. ఏటా వెళ్ళినప్పుడు నెల రోజులు కుడతాను కాబట్టి దీని గురించి కూడా ధైర్యంగా చెప్పగలను. దీంట్లో హుక్కు ఊగేది, అందుకే ఆ టకటక. పావు అంగుళం కుట్టులో ఫెదర్‌వెయిట్ అంత ఇట్టే రాదు, బట్టను కాస్త పట్టుకోవాలి. కానీ పాదం ఎంత మెల్లగా ఆడిస్తే సూది అంత మెల్లగా దిగుతుంది. మూలల దగ్గర ఒక్క కుట్టు, ఇంకో ఒక్క కుట్టు అని లెక్కపెట్టి వేయొచ్చు. మోటారు మిషన్ల పెడల్‌తో ఆ అదుపు నాకు ఎన్నేళ్ళకూ రాలేదు. అమ్మ దీని మీద ఆరు మడతల పాత చీరలు పెట్టి బొంతలు కుట్టింది, పదహారో నంబరు సూదితో. కరెంటు పోయినా పని ఆగదు.

ఒకసారి డిసెంబరులో వెళితే చక్రం అసలు తిరగలేదు. అప్పటిదాకా అమ్మ ఇంట్లో ఉన్న కొబ్బరినూనే వేస్తూ వచ్చింది. పొద్దుటి చలికి లోపల గడ్డకట్టింది, పాతది జిగురై పట్టేసింది. మూడు రోజులు కిరసనాయిలు చుక్కలు వేస్తూ, చక్రం మెల్లగా ఆడిస్తూ కూర్చున్నాం. వదులయ్యాక కిరసనాయిలు తుడిచి అసలైన మిషను నూనె వేశాం. "ఇన్నేళ్ళూ తలనూనె పోసి దాన్ని చంపుకున్నానా అమ్మాయ్" అని అమ్మ ఎంత నొచ్చుకుందో. ఇప్పుడు సొరుగులో చిన్న సీసా ఎప్పుడూ ఉంటుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళెవరైనా క్విల్ట్ కోసం ఏ పాత మిషను కొనాలని అడిగితే ఇలాంటి తొక్కుడు మిషనే కొనమంటాను. సూది, బాబిన్, తోలు బెల్టు, అన్నీ బజార్లో దొరుకుతాయి. ఇక్కడ అమెరికాలో ఒక్కటే కొనేవాళ్ళయితే 201.

చూడటానికి వెళ్ళేటప్పుడు పల్చటి నూలు బట్ట రెండు ముక్కలు, తెలిసిన దారం రీలు, కొత్త సూది వెంట తీసుకెళ్ళండి. ముందు చేత్తో చక్రం తిప్పండి. బరువుగా తిరిగినా ఫర్వాలేదు, అది నూనెతో పోతుంది. ఒకే చోట ప్రతిసారీ తగిలి ఆగితే మాత్రం వదిలేయండి. ఫెదర్‌వెయిట్ అయితే బాబిన్ కేసు, అంటే బాబిన్ పట్టే డబ్బీ ఉందో లేదో చూడండి, అది విడిగా చాలా ఖరీదు. వైరును రెండు వేళ్ళతో వంచండి. పగిలితే ప్లగ్గు పెట్టనివ్వకండి, కొత్త వైరు ఖర్చు తగ్గించుకుని బేరమాడండి. చివరగా కొత్త సూది వేసి, బట్ట మూల సరిగ్గా సూది కింద పెట్టి మొదటి కుట్టు వేయించుకోండి. ఆ మూల లోపలికి పోకుండా నిలబడిందా లేదా చూసి డబ్బు తీయండి.