సున్నమా, ఆవ మొక్కలా?
రాయగడ దగ్గర ఫ్యాక్టరీ పక్కనున్న మా బావ కౌలు పొలంలో మట్టి పరీక్ష చేయిస్తే కాడ్మియం అనే విష లోహం తేలింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. సున్నం చల్లాలా, ఆవ మొక్కలు వేయాలా?

సున్నం లోహాన్ని తీసేయదు. నేలలో ఆమ్లత తగ్గించి, వేళ్లకు అంతగా అందకుండా పట్టి ఉంచుతుంది. వరి మానక్కర్లేదు, గింజలు మాత్రం పరీక్ష చేయించాలి. నేల మళ్లీ ఆమ్లంగా మారితే కథ మొదటికొస్తుంది, అందుకే కొన్నేళ్లకోసారి చల్లాలి. ఆర్సెనిక్ అనే మరో విషం కూడా ఉంటే సున్నం దాన్ని కదిలించి వేళ్లకు అందేలా చేయవచ్చు, జాగ్రత్త.

ఆవ మొక్క లోహాన్ని నిజంగానే పైకి లాగుతుంది, కానీ ఏళ్లు పడుతుంది. కోసిన ఆకు పశువులకు వేయకూడదు, పొలంలో కాల్చకూడదు. అంత ఓపిక కౌలు రైతుకి ఎక్కడిది?

ఫ్యాక్టరీ నీళ్లు ఇంకా పారుతుంటే రెండూ దండగే. బావకి సున్నమే చెప్పాను.