స్కైరిమ్‌లో విలువిద్య: నాలుగేళ్ల వాడకం తర్వాత నా తూకం

2021 నవంబరులో కుండపోత వానలకు తిరుపతి వీధులు ఏరులై పారిన వారంలో, బైరాగిపట్టెడలోని మా మేడ మీద గదిలో చిక్కుకుపోయి స్కైరిమ్ అనే వీడియో గేమ్ మొదలుపెట్టాను. ఆట విడుదలై అప్పటికే పదేళ్లు నిండాయి. ఆ తర్వాత ఈ నాలుగేళ్లలో ఆరు పాత్రలను నడిపాను. వాటిలో నాలుగింటి చేతిలో విల్లే ఉంది. అందువల్ల ఈ సమీక్షను ఆట మొత్తానికి కాక, అందులోని విలువిద్య బలాబలాలకే పరిమితం చేస్తున్నాను. ఈ ఆటలో విల్లు మరీ బలమైనదని చాలామంది అంటారు. అది సగమే నిజమని నా అనుభవం. విల్లు ఒక్కటే అయితే తూకం దాదాపు సరిగానే ఉంది. చాటుగా పొంచి కొట్టడం దానికి తోడైనప్పుడే తక్కెడ ఒక పక్కకు ఒరిగిపోతుంది.

మొదటి పది లెవెల్స్‌లో విలుకాడి బతుకు జాలిగొలిపేదిగా ఉంటుంది. లాంగ్ బో దెబ్బ విలువ 6, ఇనుప బాణానిది 8. రెండో బాణం సంధించేలోపే గొడ్డలి పట్టుకున్న దొంగ మీద పడతాడు. నా రెండో పాత్రను గొప్పకు పోయి అన్నిటికంటే కష్టమైన లెజెండరీ స్థాయిలో మొదలుపెట్టాను. అక్కడ మనం వేసే దెబ్బ పావు వంతుకు పడిపోతుంది, మనకు తగిలేది మూడింతలవుతుంది. రివర్‌వుడ్ అనే ఊరి దారిలో ఒకే ఒక తోడేలును పడగొట్టడానికి ఏడు బాణాలు ఖర్చయ్యాయి. అది చచ్చేసరికి నా ప్రాణం కూడా కొసకు వచ్చింది. అప్పటి నుంచి కొన్నాళ్లపాటు జింకల వేటతోనే కాలక్షేపం చేశాను. శ్రీకాళహస్తి దగ్గరలో పెరిగినవాళ్లకు విలుకాడంటే మొదట వేటగాడైన తిన్నడే గుర్తుకొస్తాడు కనుక, ఆ దశ నాకు విసుగనిపించలేదు.

ఇక్కడ లెక్క ఒకటి చూడాలి. ఆర్చరీ స్కిల్ ఒక్కో అంకె పెరిగినప్పుడు విల్లు దెబ్బ అర శాతం మాత్రమే పెరుగుతుంది. అంటే స్కిల్ 100కు చేరినా దక్కేది యాభై శాతమే. ఓవర్‌డ్రా అనే పర్క్‌ను (లెవెల్ పెరిగితే వచ్చే పాయింటుతో ఎంచుకునే ప్రత్యేక బలం) అయిదుసార్లు తీసుకుంటే మాత్రం దెబ్బ రెట్టింపవుతుంది. ఎన్ని వందల బాణాలు వేశామన్నదాని కంటే ఆ అయిదు పాయింట్లను ఎక్కడ పెట్టామన్నదే ఎక్కువ లెక్కకు వస్తుందన్నమాట. ఓవర్‌డ్రా మెట్లు 20, 40, 60, 80 స్కిల్ వద్ద మాత్రమే తెరుచుకుంటాయి కనుక సాధన పూర్తిగా వృథా పోదు. అయినా, విలువిద్య పేరుతో ఆట మనచేత చేయించేది కొంతవరకు పద్దులు రాయడమే.

నా దృష్టిలో ఆ విలువిద్య పర్క్‌ల చెట్టు మొత్తంలో బాగా ఆలోచించి పెట్టిన పర్క్ రేంజర్. స్కిల్ 60 వద్ద దొరికే ఈ పర్క్ దెబ్బను రవ్వంత కూడా పెంచదు. నారి లాగిపట్టుకుని వేగంగా కదలనిస్తుంది, అంతే. కానీ పోరాటం తీరే మారిపోతుంది. పాత సమాధి గుహలో డ్రాగర్ (లేచి తిరిగే శవం) కత్తి ఎత్తుకుని వస్తుంటే, అంతకుముందు రాతి స్తంభం పక్కన కదలకుండా నిలబడి ఒక్క బాణం వేసి, ఆ తర్వాత విల్లు దించి పరుగెత్తాల్సి వచ్చేది. రేంజర్ వచ్చాక నారి వదలకుండానే స్తంభం చుట్టూ వెనక్కి అడుగులు వేస్తూ, వాడు నేల మీద ఒలికిన నూనెలోకి కాలు పెట్టేదాకా ఆగి, పైన వేలాడే నిప్పు కుండను కొట్టి కింద పడేయవచ్చు. అంకెలు పెంచకుండా ఆటగాడి చేతికి పని పెంచడమే సరైన తూకమని నేననుకుంటాను. 50 వద్ద వచ్చే పవర్ షాట్ దీనికి విరుద్ధం: సగం బాణాలకు శత్రువు తూలిపోతాడు, మన నేర్పుతో నిమిత్తం లేదు.

ఇక అసలు చిక్కు. చాటుగా వేసిన బాణానికి దెబ్బ మామూలుగానే రెండింతలు. స్నీక్ (చాటుగా మెలగడం) చెట్టులోని డెడ్లీ ఎయిమ్ పర్క్‌తో మూడింతలు. ఓవర్‌డ్రా, స్కిల్, డెడ్లీ ఎయిమ్ మూడూ కలిస్తే విల్లు సొంత దెబ్బకు తొమ్మిది రెట్లు. దీని మీద శిరస్త్రాణానికి, హారానికి, ఉంగరానికి, చేతి తొడుగులకు ఒక్కోదానికి నలభై శాతం వరకు మంత్రబలం ఎక్కించుకోవచ్చు. బాకుకు చాటు దెబ్బ పదిహేను రెట్ల దాకా పోతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ బాకు పట్టినవాడు శత్రువు వీపు దాకా వెళ్లాలి. వెలుతురు, అడుగుల చప్పుడు, పక్క గదిలో నిలబడ్డవాడు, అన్నీ చూసుకోవాలి. విలుకాడికి ఆ భయమేదీ లేదు. ఆ దూరమే ఒక పెద్ద గుణకం, దాన్ని మాత్రం ఎవరూ లెక్కలో వేయలేదు. గుండెలో బాణం దిగబడినవాడు నాలుగడుగులు అటూ ఇటూ వెతికి, ఏమీ లేదనుకుని మళ్లీ కాపలాకు నిలబడతాడు. ఆదివారాలు చిత్తూరు నుంచి వచ్చే మా తమ్ముడు ఇది చూసి, “అన్నా, వాడు చూడకముందే చంపేస్తుంటే ఇంక నువ్వు ఆడేదేముంది?” అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

క్రాస్‌బో గురించి రెండు మాటలు. డాన్‌గార్డ్ అనే అదనపు భాగంతో 2012లో వచ్చిన ఈ ఆయుధం మామూలు రకమే 19 దెబ్బతో మొదలవుతుంది. బిగించడానికి సమయం పడుతుంది, అయినా తొలి రోజుల్లో ఇదే మేలు. దీన్ని పట్టినవాడు మళ్లీ లాంగ్ బో ముఖం చూడడు.

నేను చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. రివర్‌వుడ్‌లోని ఫేండాల్ అనే విలుకాడి దగ్గర స్కిల్ 50 దాకా విలువిద్య నేర్చుకోవచ్చు. అతన్నే వెంట తిప్పుకుంటే, ఇచ్చిన గురుదక్షిణను అతని సంచిలోంచే తిరిగి తీసుకోవచ్చు. మొదటి పాత్రతో లెవెల్‌కు అయిదు పాఠాల చొప్పున ఇలాగే ఉచితంగా కానిచ్చేశాను. ఫలితంగా, విలువిద్య రుచించే 30 నుంచి 60 మధ్య దశ ఆ పాత్రకు సగానికి సగం దక్కకుండా పోయింది.

ప్రస్తుత పాత్రకు నాకు నేనే కట్టుబాట్లు పెట్టుకున్నాను. స్నీక్ చెట్టులో ఒక్క పర్క్ కూడా తీసుకోను; విలువిద్యకు మంత్రపు ఉంగరం పెట్టను; బాణాలకు బరువుండే సర్వైవల్ మోడ్‌లోనే ఆడతాను. ఆట స్థాయి ఎక్స్‌పర్ట్, అంటే మన దెబ్బ ముప్పావు వంతు, తగిలే దెబ్బ ఒకటిన్నర వంతు. ఈ షరతులతో చాటు తప్పి బయటికి రావలసి వస్తుంది, గురి తప్పితే దానికి ఖరీదు చెల్లించవలసి వస్తుంది. డ్రాగన్‌తో తలపడినప్పుడే ఇది బాగా తెలుస్తుంది. ఆకాశంలో తిరిగేదాన్ని కత్తి అందుకోలేదు, పొంచి కొట్టడానికీ వీలుండదు, అది ఎటు మళ్లుతుందో చూసి ముందుకు వేయాలి. నిన్న రాత్రి వైట్‌రన్ పడమటి బురుజు దగ్గర నలభై బాణాలతో దిగాను. అది నేలకు కూలేసరికి అమ్ములపొదిలో ఆరు మిగిలాయి.