అచ్చులో మిగిలిన గాటు: ఒక నకిలీ కీళ్ల బొమ్మపై సమీక్ష

ఈ సమీక్షలోని వస్తువు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక బాల్ జాయింట్ డాల్, అంటే మెడ, నడుము, మోచేతులు, మోకాళ్ల దగ్గర గుండ్రని కీళ్లతో, లోపల ఎలాస్టిక్ తాడుతో బిగించి నిలబెట్టే రెజిన్ (ద్రవంగా పోసి గట్టిపరిచే ఒక రకం ప్లాస్టిక్) బొమ్మ. ఒక స్వతంత్ర శిల్పి పరిమిత సంఖ్యలో పోతపోసి అమ్మిన శిల్పమనీ, మొదటి యజమాని చేతి నుంచే నేరుగా వస్తున్నదనీ నమ్మి, అటువంటి పాత బొమ్మకు మామూలుగా పలికే ధర చెల్లించి దీన్ని కొన్నాను. నాకు చేరినది ఆ శిల్పి బొమ్మ కాదు, ఆ బొమ్మ మీద మరొకరు అచ్చు తీసి పోసుకున్న నకలు. ఈ అభిరుచి ఉన్నవారు దానిని రీకాస్ట్ అంటారు. అమ్మిన వ్యక్తి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఆ వ్యక్తి కూడా నాలాగే మోసపోయి ఉండవచ్చు. శిల్పం పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే ఆ పేరు చెబితే నకలు కోసం వెతికేవారికి దారి చూపినట్టవుతుంది.

ఈ బొమ్మలతో పరిచయం లేనివారికి కొంత నేపథ్యం చెప్పాలి. 1930లలో జర్మన్ కళాకారుడు హాన్స్ బెల్మర్ గుండ్రని కీళ్లతో చేసిన బొమ్మ 1960లలో జపాన్‌లో యోత్సుయా సిమోన్ వంటి బొమ్మల శిల్పులను లోతుగా కదిలించింది. 1999లో వోక్స్ అనే జపాన్ సంస్థ సూపర్ డాల్ఫీ పేరుతో రెజిన్ బొమ్మలను విడుదల చేశాక, ప్రదర్శనశాలల్లో చూడవలసిన కళ ఇంట్లో విప్పి, బిగించి, ఇష్టం వచ్చినట్టు మార్చుకోగలిగే సేకరణ వస్తువైంది. ఆ తర్వాత అనేక దేశాల్లో చిన్న సంస్థలూ, ఒంటరిగా పనిచేసే శిల్పులూ ఈ రంగంలోకి వచ్చారు. బొమ్మ కొనడంతో యజమాని పని పూర్తికాదు. కళ్లు ఎంచుకోవడం, విగ్గు అమర్చడం, దుస్తులు కుట్టడం, ఫేస్అప్ అని పిలిచే ముఖ చిత్రణను పేస్టల్ పొడులతో, సన్నని కుంచెతో వేయడం లేదా వేయించుకోవడం ఇవన్నీ ఉంటాయి. అందుకే ఒక్కో బొమ్మ చుట్టూ శిల్పితో పాటు మరికొందరి చేతిపని కూడా బతుకుతూ ఉంటుంది.

పెట్టె తెరవగానే నాకు కలిగిన అభిప్రాయం మంచిదే. ఈ మాట దాటవేస్తే సమీక్షకు నిజాయతీ ఉండదు. బొమ్మను మెత్తని గుడ్డలో చుట్టి జాగ్రత్తగా పంపారు, రెజిన్ రంగు అంతటా ఒకేలా ఉంది, ముఖ చిత్రణ కూడా నేర్పుగానే ఉంది. మందపాటి కాగితంపై సంఖ్యతో కూడిన ధ్రువపత్రం కూడా వచ్చింది. రెండు వారాలపాటు నేను దానిని అసలు బొమ్మగానే చూసుకున్నాను. అదే శిల్పం అసలు ప్రతి ఉన్న ఒక మిత్రురాలు తన బొమ్మను తెచ్చి పక్కన నిలబెట్టిన రోజునే తేడాలు బయటపడ్డాయి.

మొదట ఎత్తు తేడా కనిపించింది. నా బొమ్మ మూడు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది. పాలీయురేథేన్ రెజిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుదించుకుపోతుంది. శిల్పి ఆ కుదింపును ముందే లెక్కలోకి తీసుకుని మూలరూపాన్ని తయారుచేస్తారు. కానీ ఒకసారి కుదించుకున్న బొమ్మ మీద మళ్లీ అచ్చు తీస్తే, కొత్త పోత రెండోసారి కుదించుకుంటుంది. ఎత్తులో అది పెద్ద తేడాగా అనిపించకపోవచ్చు గాని, కీళ్ల దగ్గర దాని ఫలితం స్పష్టంగా తెలుస్తుంది. మిత్రురాలి బొమ్మ తలను నా బొమ్మ మెడపై పెట్టి చూస్తే వదులుగా ఊగింది, నా బొమ్మ తల ఆమె బొమ్మ మెడపై పూర్తిగా కూర్చోలేదు.

ఆ తర్వాత అంచులు చూశాం. అసలు బొమ్మలో కనురెప్ప లోపలి అంచు కాగితమంత పలుచగా ఉంటే, నకలులో మొద్దుబారి, కన్ను కొంచెం ఉబ్బినట్టు కనిపించింది. చెవి మడతలు, గోళ్ల మొదళ్లు, పెదవుల కలయిక రేఖ ఇవన్నీ మెత్తబడి ఉన్నాయి. చంక కింద సూదిమొన అంత గాలిబుడగల గుంటలు ఉన్నాయి. అచ్చు రెండు సగాలు కలిసే చోట ఏర్పడే అతుకు గీతను తొలగించడానికి గరుకు కాగితంతో తొందరగా రుద్దడం వల్ల పిక్క వెనుక భాగం చదునైపోయింది. తల వెనుక చెక్కిన సంతకం లోతు తగ్గి, చివరి అక్షరం దాదాపు పూడుకుపోయింది.

బొమ్మ నిలబడే తీరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ బొమ్మలు చేసేవారి అసలు ప్రతిభ అక్కడే ఉంటుందని నా నమ్మకం. మంచి కీళ్ల బొమ్మ లోపల తాడు నడిచే కాలువలు, మోకాలి చిప్పలోని నొక్కులు, గుండుకీ గుంటకీ మధ్య రాపిడి ఇవన్నీ కలిసి బొమ్మను పెట్టిన భంగిమలో నిలుపుతాయి. ఈ సమతూకం సాధించడానికి శిల్పి మూలరూపాన్ని ఎన్నోసార్లు కోసి, పూడ్చి, మళ్లీ చెక్కుతారు. నా దగ్గరున్న బొమ్మ నిమిషం నిలబడి, ఆ తర్వాత మోకాలు ఒక్కసారిగా తన్ని పడిపోయేది. తాడు బిగిస్తే నడుము వంకరపోయేది, వదులు చేస్తే తల వాలిపోయేది. పైకి కనిపించే ముఖాన్ని కాపీ చేసినంత సులభంగా లోపల దాగిన సమతూకాన్ని కాపీ చేయలేకపోయారు.

రంగు విషయంలో ఒక హెచ్చరిక చేస్తున్నాను. పసుపెక్కిన రెజిన్ నకిలీకి గుర్తు అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. వెలుతురులో ఉంచితే శిల్పి స్వయంగా పోసిన రెజిన్ కూడా కాలక్రమంలో పసుపెక్కుతుంది. ఈ అపోహ వల్ల, ఇరవై ఏళ్లుగా అసలు బొమ్మను ప్రేమగా దాచుకున్నవారు కూడా అనుమానానికి గురవుతున్నారు.

నన్ను ఎక్కువగా కలచివేసినది మాత్రం ఒక చిన్న గాటు. నా బొమ్మ గడ్డం కింద సగం సెంటీమీటరు పొడవున సన్నని గీత ఉంది. పాత బొమ్మ కాబట్టి ఎక్కడో గీసుకుపోయి ఉంటుందని మొదట అనుకున్నాను. భూతద్దంతో చూస్తే దాని అంచులు తెగిన అంచుల్లా లేవు, చుట్టూ ఉన్న ఉపరితలంలాగే గుండ్రంగా, నునుపుగా ఉన్నాయి. అంటే ఆ గాటు ఈ బొమ్మకు తగిలినది కాదు, అచ్చులోనే ఉన్నది. ఆ తర్వాత అదే శిల్పాన్ని అమ్మకానికి పెట్టిన మరో ముగ్గురి ఫొటోలను పెద్దవి చేసి చూశాను. మూడింటిలోనూ గడ్డం కింద, అదే చోట, అదే వాలులో ఆ గాటు ఉంది. నకలు చేసినవారు కొన్న ఒకే ఒక్క అసలు బొమ్మకు ఎప్పుడో తగిలిన దెబ్బ ఇప్పుడు ఎన్ని బొమ్మల మీద ఉందో చెప్పలేం. ఆ ఒక్క బొమ్మ ధర తప్ప శిల్పికి ఇంకేమీ ముట్టలేదు.

నేను ఫొటోలు జతచేసి శిల్పికి రాశాను. మరునాడే జవాబు వచ్చింది. ధ్రువపత్రంపై ఉన్న సంఖ్య గల బొమ్మ మొదటి నుంచి మరొకరి దగ్గరే ఉందట, కాగితం కూడా నకలేనట. తన బొమ్మను కొనాలని అనుకున్నందుకు ఆ శిల్పి నాకు కృతజ్ఞతలు చెప్పారు. ఆ వాక్యం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అమ్మిన వ్యక్తి మాత్రం నా మొదటి ప్రశ్న తర్వాత జవాబివ్వడం మానేశారు, డబ్బు తిరిగి రాలేదు.

శిల్పికి జరిగే నష్టాన్ని అమ్ముడుపోని బొమ్మల లెక్కతో మాత్రమే కొలిస్తే విషయం సగమే అర్థమవుతుంది. స్వతంత్ర శిల్పి ఒక ముఖం మీద నెలల తరబడి పనిచేస్తారు. మూలరూపం పూర్తయ్యాక ప్రతి భాగానికీ సిలికాన్ అచ్చు చేయాలి. రెండు ద్రవాలుగా వచ్చే రెజిన్‌ను కలిపి, గట్టిపడకముందే కొద్ది నిమిషాల్లో పోయాలి, బుడగలు మిగలకుండా వాక్యూమ్ లేదా పీడన పాత్రలు వాడాలి. సిలికాన్ అచ్చు కొన్ని పోతలకే అరిగిపోతుంది గనుక మళ్లీ కొత్తది చేయాలి. గట్టిపడని ఆ ద్రవాల్లో ఒకదానిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి కాబట్టి, గాలి బయటకు పోయే ఏర్పాటుకూ, మాస్కులకూ ఖర్చుపెట్టాలి. ఇంత పెట్టుబడినీ చాలామంది ముందస్తు ఆర్డర్ల డబ్బుతోనే భరిస్తారు. ఆర్డర్లు కొంత తగ్గినా తర్వాతి శిల్పం మొదలుకాదు. నకలు వల్ల మనం కోల్పోయేది ఇప్పుడున్న బొమ్మకు రావలసిన ఆదాయం ఒక్కటే కాదు, ఇంకా పుట్టని ముఖం కూడా.

చట్టం శిల్పి పక్షానే ఉంది. 1886 నాటి బెర్న్ ఒప్పందం ప్రకారం శిల్పం వంటి కళాకృతికి సభ్య దేశాల్లో రిజిస్ట్రేషన్ అవసరం లేకుండానే రక్షణ లభిస్తుంది. అయితే ఆ హక్కును అమలు చేయించుకోవడం ఒంటరి మనిషికి ఎంతో భారం. ప్రతి అమ్మకపు ప్రకటనపైనా విడిగా ఫిర్యాదు చేయాలి, తొలగించిన ప్రకటన కొన్నాళ్లకే మరో పేరుతో తిరిగి వస్తుంది. బొమ్మ చెక్కవలసిన సమయం ఫిర్యాదు పత్రాలు నింపడంలో కరిగిపోతుంది.

నకలు తెలిసే కొంటున్నామని చెప్పేవారి వాదన కూడా విన్నాను. తమకు అసలుది కొనే స్తోమత ఎలాగూ లేదనీ, అందువల్ల శిల్పి నష్టపోయేదేమీ లేదనీ వారంటారు. నా అనుభవం దానికి సమాధానం. తెలిసి కొన్నవారి ఇంట్లోనే నకలు శాశ్వతంగా ఉండిపోదు. అభిరుచి మారుతుంది, అవసరాలు వస్తాయి, బొమ్మ చేతులు మారుతుంది. రెండో చేతికో, మూడో చేతికో చేరేసరికి అది ఏమిటన్నది చెప్పేవారు ఉండరు, పక్కన ఒక దొంగ ధ్రువపత్రం మాత్రం చేరుతుంది. నేను చెల్లించిన డబ్బు అసలు బొమ్మకు సరిపడేదే, నకలు లేకపోతే అది నిజమైన ఒక యజమానికి చేరి, ఆ యజమాని మరో శిల్పి బొమ్మ కొనడానికి ఉపయోగపడేది. ఇక తయారీ ఆగిపోయిన బొమ్మల విషయంలో, ఇంత సంఖ్యకు మించి చేయనని శిల్పి తొలి కొనుగోలుదారులకు ఇచ్చిన మాటను మూడో వ్యక్తి భగ్నం చేయడం నాకు ఏ విధంగానూ న్యాయంగా తోచదు.

అయితే తక్కువ డబ్బుతో ఈ అభిరుచిలోకి రావాలనుకునేవారిని చిన్నచూపు చూడడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మోసపోయిన కొత్తవారిని సమావేశాల్లో నలుగురి ముందు అవమానిస్తే, తర్వాత మోసపోయినవారు నోరు విప్పరు, దానివల్ల లాభపడేది నకిలీ అమ్మేవారే. చాలామంది తయారీదారులు వాయిదాల్లో చెల్లించే వీలు కల్పిస్తారు. తల ఒక్కటే కొనుక్కుని ఫేస్అప్ నేర్చుకోవచ్చు, చిన్న పరిమాణం బొమ్మతో మొదలుపెట్టవచ్చు.

ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. నకలు పోతలో ఏ రెజిన్ వాడారో, ఏ రంగులు కలిపారో కొనేవారికి తెలిసే మార్గం లేదు. అసలు రెజిన్‌ను గరుకు కాగితంతో రుద్దేటప్పుడే తడిపి, మాస్కు పెట్టుకుని పనిచేయాలి, తెలియని రెజిన్‌ను తమ దగ్గరకు తేవద్దని ఫేస్అప్ కళాకారులు కోరడం పూర్తిగా సమంజసం. పిల్లల చేతికి వెళ్లే సేకరణ బొమ్మల్లో ప్రమాదం ఇంకా పెద్దది. కాసింగ్ లంగ్ అనే కళాకారుడు సృష్టించిన, పళ్లు బయటపెట్టి నవ్వే లబూబు బొమ్మలకు గిరాకీ పెరిగాక నకిలీలు వెల్లువెత్తాయి. చిన్న భాగాలు ఊడి పిల్లల గొంతుకు అడ్డం పడవచ్చని అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం 2025 ఆగస్టులో హెచ్చరించింది. అసలు లబూబుకు తొమ్మిది పళ్లుంటాయని అందరికీ తెలిసింది కాబట్టి, తొమ్మిది పళ్లు పెట్టడం నకిలీలు చేసేవారికి కష్టమైన పనేమీ కాదు. ధ్రువపత్రం విషయంలో నాకు జరిగినది కూడా ఇదే. అందువల్ల పాత బొమ్మ కొనేవారు కాగితాన్ని చూసి ఆగిపోకుండా, మొదటి ఆర్డరు రసీదు అడగాలి, తల లోపలి భాగం, కీళ్ల గుంటలు, తాడు విప్పిన భాగాల ఫొటోలు అడగాలి, వీలైతే డబ్బు చెల్లించకముందే శిల్పికి రాయాలి. నేను డబ్బు పంపాక రాశాను.

ఈ వస్తువుకు నేను నక్షత్రాలు ఇవ్వడం లేదు. కీళ్లు సరిగా లేవు కాబట్టి ఒక నక్షత్రం అని రాస్తే, కీళ్లు బాగుచేసిన తర్వాతి నకలుకు మూడు ఇవ్వవచ్చన్న అర్థం వస్తుంది. మూడు మిల్లీమీటర్ల తేడా కూడా లేకుండా, గాటు కూడా లేకుండా పోసినా, నేను ఈ సమీక్షను ఇలాగే ముగిస్తాను.

బొమ్మను తాడు తీసి విడదీశాను. తల లోపల, మొండెం లోపల, రెండు తొడల పైఅంచుల్లో, మాస్కు పెట్టుకుని, రెజిన్‌ను తడుపుతూ, నకలు అన్న మాటను లోతుగా చెక్కాను. నా తర్వాత ఎవరి చేతికి వెళ్లినా, విప్పి చూసేవారికి ఆ మాట కనిపిస్తుంది.