పేదలకే ఇవ్వాలా, చందా కట్టించాలా, అందరికీ ఇవ్వాలా: సంక్షేమంలో ఏది మేలు?

"ఉన్నవాళ్లకెందుకు, పేదలకే ఇవ్వండి" అన్న మాట న్యాయంగానే వినిపిస్తుంది. ఖర్చూ తక్కువే. అయితే పేదవాడెవరో ఎవరో ఒకరు తేల్చాలి. చిక్కంతా అక్కడే. ఇంగ్లండ్‌లో 1834 నాటి పేదల చట్టం, ఒళ్లు బాగున్నవాళ్లు సాయం అడిగితే వర్క్‌హౌస్‌లో, అంటే పేదల్ని ఉంచి పనిచేయించే ఆశ్రమంలో, చేరమంది. అందులో బతుకు, బయట అతి తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకు కన్నా హీనంగా ఉండాలన్నది నియమం. భార్యాభర్తల్ని, పిల్లల్ని విడివిడిగా ఉంచేవారు. దిక్కులేనివాడు తప్ప ఎవడూ రాడని లెక్క. 1931లో బ్రిటన్ నిరుద్యోగులకు ఆదాయ పరీక్ష పెట్టినప్పుడు ఇంటిల్లిపాది సంపాదననూ లెక్కగట్టారు. కొడుక్కి పని దొరికితే తండ్రి భృతికి కోత పడేది. సాయం చేసే చెయ్యే ఇంట్లో తగవు పెట్టిందన్నమాట.

రెండో దారి చందా కట్టించడం. అది జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్‌ది. జర్మనీలో 1883లో జబ్బు బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను వచ్చాయి. (దయతో కాదు. సోషలిస్టుల మీద 1878లోనే నిషేధ చట్టం తెచ్చిన మనిషి ఆయన. కార్మికులు వాళ్ల వైపు వెళ్లకూడదన్నదే ఆలోచన.) జబ్బు బీమాకు కార్మికుడు మూడింట రెండు వంతులు, యజమాని ఒక వంతు కట్టేవారు. కట్టినవాడు అడుక్కోనక్కర్లేదు, హక్కుగా తీసుకుంటాడు. అందుకే ఇలాంటి పథకంలో కోత పెట్టడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. కానీ జీతం లేనివాడికి ఇందులో చోటే లేదు. అమెరికా 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం పొలం కూలీలను, ఇంటి పనివాళ్లను వృద్ధాప్య బీమాలో చేర్చలేదు. అప్పట్లో నల్లజాతి కార్మికుల్లో ఎక్కువమంది చేసేవి ఆ పనులే.

ఇక అందరికీ ఇవ్వడం. దీనికి బ్రిటన్ సంక్షేమానికి ప్రణాళిక గీసిన విలియం బెవరిడ్జ్ 1942 నాటి నివేదికను మూలంగా చెబుతారు గానీ, ఆయన ప్రణాళికలో నగదు భృతులు చాలావరకు చందా మీద నడిచేవే. అసలు తేడా 1948 జూలై 5న మొదలైన బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవలో కనిపిస్తుంది. చందా కట్టావా, ఎంత సంపాదిస్తున్నావు అని రోగిని అడగరు. ఖర్చు మాత్రం భారమే: 1951కే కట్టుడుపళ్లకు, కళ్లద్దాలకు రుసుము పెట్టారు. దాన్ని వ్యతిరేకిస్తూ, ఆ సేవను నిలబెట్టిన అన్యూరిన్ బెవాన్ మంత్రి పదవి వదులుకున్నారు.

నన్నడిగితే, ఉద్యోగం పోయినప్పుడు జీతానికి బదులు వచ్చే డబ్బుకు చందా పద్ధతి బాగుంటుంది. వైద్యం, పిల్లల భృతి, కనీస పింఛను మాత్రం అందరికీ ఇవ్వాలి. ధనికుడికీ అందుతుందని బాధెందుకు? ఆదాయపు పన్నులో అతని దగ్గర అంతకంత రాబట్టుకోవచ్చు. అతని ఆదాయం లెక్క అక్కడ ఎలాగూ ఉంటుంది. అలాంటప్పుడు పేదవాడి ఇంటికి మరో తనిఖీని పంపడం దేనికి?