విశాఖ తీరంలో సంరక్షణ నిధులు పనిచేసే చోట్లు

విశాఖ వచ్చినవాళ్లు కైలాసగిరి, సబ్‌మెరైన్ చూసి వెళ్లిపోతారు. భీమిలి రోడ్డుకు ఒక రోజు కేటాయించండి. ప్రకృతి, పాత కట్టడాల సంరక్షణకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు కొత్త నిర్మాణాలకు పోతే ఏమవుతుందో, ఏటా కాపలాకు, మరమ్మతుకు అందితే ఏమవుతుందో అక్కడ తేడా తెలుస్తుంది. బస సాగర్‌నగర్, రుషికొండ వైపు తీసుకుంటే తెల్లవారుజామున తిరగడం తేలిక.

జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వస్తే ముందుగా చూడాల్సింది అటవీ శాఖ తాబేళ్ల హేచరీ, అంటే గుడ్లను కాపాడి పొదిగించే చోటు. ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు గూటికి సుమారు వంద గుడ్లు పెడుతుంది. కాపలావాళ్లు రాత్రంతా తీరం వెంట నడిచి, కుక్కలు తవ్వకముందే గుడ్లు తీసి, కంచెలో మూరెడు లోతు గుంటల్లో పూడుస్తారు. పెట్టిన కొద్ది గంటల్లోనే మార్చాలి, గుడ్డు తిరగబడకూడదు. ఆలస్యంగా కదిపితే లోపలి పిండం ఊడి చచ్చిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలొస్తాయి. ఇసుక వేడెక్కితే దాదాపు అన్నీ ఆడవే అవుతాయి, మరీ మాడితే గుడ్లే చెడతాయి. పైన నీడ అందుకే. పిల్లల్ని వదిలేటప్పుడు ఫ్లాష్, టార్చి వద్దు. వెలుతురుకు దారితప్పి సముద్రం వదిలి రోడ్డువైపు పాకుతాయి. ఈ పనికి యంత్రాలు అక్కర్లేదు, రాత్రి నడిచే మనుషులు కావాలి. వాళ్ల కూలి వేళకు అందకపోతే ఆ సీజన్ గుడ్లు కుక్కలపాలే.

తొట్లకొండకు భీమిలి వెళ్లే సిటీ బస్సెక్కి కొండ కింద దిగితే పైకి నడకే. ఎండలో పెద్దవాళ్లకు కష్టం, రానుపోను ఆటో మాట్లాడుకోవడం మేలు. నీళ్లు వెంట ఉంచుకోండి. 1988–93లో తవ్విన ఈ బౌద్ధారామంలో మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కొంత కూలింది, తర్వాత మళ్లీ కట్టారు. ఇలాంటి పాత కట్టులో అతుకులు వదులైతే నీరు దిగి, లోపలి మట్టి ఉబ్బి గోడను బయటికి తోస్తుంది. వానాకాలానికి ముందే మొక్కలు పీకి, అతుకులకు సున్నం పెట్టి, కాలువలు తీయించడానికి అయ్యే ఖర్చు, కూలాక కట్టే ఖర్చు ముందు ఎంత?

కంబాలకొండ జూకు ఎదురుగా, హైవే పక్కనే ఉంది. సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఉదయమే వెళితే పక్షులు బాగా కనిపిస్తాయి. దీని లాభాన్ని టికెట్ల రాబడితో లెక్కకట్టడం తప్పు. ముడసర్లోవ జలాశయానికి నీరు దిగేది ఈ కొండల మీంచే. చెట్టు పోతే మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడుతుంది, ఆ పూడికతీత ఖర్చు నగరానిదే.

ఎర్రమట్టి దిబ్బలకు సాయంత్రం వెళ్లండి. గట్లెక్కొద్దు, ఒక్క కాలిబాట వానకు గండి అవుతుంది.