లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా?

సొంత స్థలంలో ఇల్లు కట్టించేటప్పుడు లేబర్ కాంట్రాక్టు ఇస్తే పేచీ ఎక్కువగా మేస్త్రితోనే. అడ్వాన్సు పట్టుకుని, స్లాబు పడగానే మరో సైటుకు వెళ్లిపోతాడు. సిమెంటు, ఇనుము మనమే కొంటాం కాబట్టి సరుకు నాణ్యత మీద గొడవ తక్కువ. రోజూ సైటుకు వెళ్లగలిగితే నా ఓటు దీనికే.

మెటీరియల్‌తో సహా ఇస్తే తిరుగుడు తప్పుతుంది, తగాదాలు మాత్రం పెద్దవి. చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటారు. బాల్కనీ, మెట్లు, సజ్జా ఆ కొలతలోకి వస్తాయా? సంపు, కాంపౌండు వాల్ ఎవరి ఖాతా? కాగితంలో ‘మంచి టైల్స్’ అని ఉంటే బిల్లు దగ్గర రభస ఖాయం. బ్రాండు, సైజు, ధర రాయించాల్సిందే.

ఇలాంటి సొంతింటి కాంట్రాక్టులు రెరా (బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే రియల్ ఎస్టేట్ చట్టం) కిందికి రావు. పనిలో లోపముంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.