జిప్సీ కింగ్ పాత కార్బొరేటర్ రీబిల్డ్: ఇన్నాళ్ళు వాడాక నా మాట

నాది 1998 మోడల్ మారుతి జిప్సీ కింగ్ జీపు, 1298 సీసీ. 2000లో ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటరుతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి) రాకముందు కార్బొరేటర్‌తో, అంటే గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే భాగంతో, అమ్మిన బండ్లలో ఒకటి. కొత్త కాపీ కార్బొరేటర్ కొనకుండా ఒరిజినల్‌నే విప్పించి బాగు చేయించాను. దానితోనే ఎండల్లో, వానల్లో, రాళ్ళ దారుల్లో తిరుగుతున్నాను. బాడీ పగలకుండా ఉంటే మీరూ పాతదే చేయించండి. అయితే రిపేరు కిట్ వేయించడంతో సగం పనే అవుతుంది, మిగతా సగం సెట్టింగు.

కిట్‌లో ప్యాకింగులు, నీడిల్ వాల్వు, పంపు రబ్బరు వస్తాయి. థ్రాటిల్ షాఫ్ట్ (పెడల్ తొక్కితే గాలి రెక్కను తిప్పే కడ్డీ) అరిగితే మాత్రం కిట్ ఏమీ చేయలేదు. షాఫ్ట్‌ని వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. లూజుగా ఆడిందంటే అక్కణ్ణుంచి గాలి లాగుతున్నట్టే. ఇక మిక్చర్ స్క్రూ (గాలి, పెట్రోలు పాళ్ళు సర్దేది) ఎంత తిప్పినా ఐడ్లింగ్, అంటే పెడల్ తొక్కనప్పుడు ఇంజను తిరగడం, నిలవదు. రాణీగంజ్ వైపు ఒక లేత్ షాపులో నేను ఇత్తడి బుష్షులు వేయించాను. కిట్ మొత్తం వేసినా రాని తేడా ఆ బుష్షులతో వచ్చింది.

ట్యాపెట్లు (వాల్వుల సందు), ఇగ్నిషన్ టైమింగ్ చూసుకుని, ఇంజను బాగా వేడెక్కాకే మిక్చర్ స్క్రూ ముట్టాలి. దాన్ని అడుగు తగిలేదాకా మెల్లగా బిగించి, రెండు చుట్లు వదిలి నేనూ మెకానిక్ ఉస్తాదూ మొదలుపెట్టాం. గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది. ఇంజను గాలి లాగే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్ పెట్టి, ముల్లు అన్నిటికన్నా పైకెళ్ళి వణకకుండా నిలిచే చోటు వెతికాం. ఆరోగ్యంగా ఉన్న ఇంజనుకు 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) ఉండాలంటారు కానీ అది సముద్రమట్టం లెక్క. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ ఒకటిన్నర అంగుళానికి పైగానే తగ్గుతుంది. నా బండి ముల్లు 17 దగ్గర కదలకుండా నిలిచింది. "ఇగ ముట్టుకోకు అన్నా, గిదే దాని జాగ" అన్నాడు ఉస్తాద్. ఐడ్లింగ్ అసలే నిలవకపోతే మాత్రం స్క్రూ కన్నా ముందు సోలెనాయిడ్ (ఐడ్లింగ్ పెట్రోలు దారిని కరెంటుతో తెరిచే వాల్వు) చూడండి. తాళం తిప్పగానే అది టిక్కుమనాలి.

షెడ్డులో చదును నేల మీద చక్కగా కుదిరిన సెట్టింగు వికారాబాద్ వైపు ఎత్తుల్లో నిలవలేదు. ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ బలమిచ్చే నెమ్మది గేరింగ్‌లో), మొదటి గేరులో, ముక్కు పైకెత్తి రాళ్ళెక్కుతుంటే ఫ్లోట్ చాంబర్‌లో (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెలో) పెట్రోలు ఒక పక్కకు చేరి పొంగేది. నల్లపొగ వదిలి ఇంజను ఆగేది. అలాంటి చోట ఇంజను ఆగడం ఎంత ప్రమాదమో అక్కడికి వెళ్ళినవాళ్ళకు తెలుసు. ఫ్లోట్ లెవెల్‌ని, అంటే ఆ గిన్నెలో పెట్రోలు ఎత్తుని, మాన్యువల్ ఒప్పుకునే హద్దులోనే కింది అంచుకు దించాం, ఐడ్లింగ్ నిమిషానికి 900 చుట్ల దగ్గర పెట్టాం. ఇప్పుడు పెడల్ మీద కాలు పెట్టకపోయినా తనంతట తాను పాకుతూ ఎక్కుతుంది. లెవెల్ ఇంకా దించితే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు చాలదు, అంతకు మించి దించొద్దు.

ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిక్చర్ పలచబడుతుంది, అంటే పెట్రోలు పాలు చాలదు. ఇంజెక్షన్ బండి సెన్సర్ చూసుకుని సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కు ఆ వీలు లేదు. ప్లగ్గులు తెల్లబడ్డాయి, పెడల్ తొక్కితే ఒక్క క్షణం తడబడేది. మెయిన్ జెట్ (పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రం ఉన్న ముక్క) ఒక సైజు పెద్దది వేయించాక ప్లగ్గులు లేత బిస్కెట్ రంగుకు వచ్చాయి. మొదట వేసిన పంపు రబ్బరు ఉబ్బి ఇరుక్కుపోయింది. కిట్ కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే విటాన్ రబ్బరు అని అడిగి మరీ తీసుకోండి, హోసు పైపులూ అదే రకం మార్చండి.

పొల్యూషన్ పరీక్షలో ఇంత పాత బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతి. నాది అందులో సగం దగ్గర ఉంటోంది. మైలేజీ లీటరుకు ఊళ్ళో 9 కిలోమీటర్లు, హైవే మీద 11. ఇంకో కిలోమీటరు కోసం మిక్చర్ బిగించమనేవాళ్ళు చాలామంది దొరుకుతారు, వినకండి. పలచటి మిక్చర్‌తో ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోతాయి.

తీరని ఇబ్బంది ఒకటుంది. మే నెల మధ్యాహ్నం బండి ఆపి చాయ్ తాగి వస్తే ఒక్కోసారి స్టార్ట్ కాదు. వేడికి చాంబర్‌లో పెట్రోలు మరిగి మానిఫోల్డ్‌లోకి (ఇంజనులోకి వెళ్ళే గొట్టంలోకి) పొంగుతుంది. కార్బొరేటర్ కింద వేడిని ఆపే బేకలైట్ స్పేసర్ (మందపాటి పలక) వేస్తే తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అప్పుడు పెడల్‌ని పంపు చేయకుండా చివరిదాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే అంటుకుంటుంది.